దీవుల పుస్తకం

పుస్తకం వెనక్కిచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే జయశీల పేజీలు తిప్పి చూసింది. ఖలాసీలు తెచ్చిన పుస్తకాలను ఆమె ఎప్పుడూ అలాగే చూస్తుంది. ఆఫీసర్ల ఇళ్ళ నుంచి వచ్చినవైతే అట్ట తుడిచి బీరువాలో పెట్టేస్తుంది. అలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ రేవు ఉద్యోగుల క్లబ్బు లైబ్రరీలో చేరిన కొత్తలో ఆమె చేతులు వాటంతటవే నేర్చేసుకున్నాయి.

పుస్తకం నడిమికి వచ్చేసరికి వేలు ఆగింది. ఒక చోట, కొంచెం ముందుకెళితే ఇంకో చోట, కాగితం మొదలంటా కోసేసి ఉంది. స్కేలు పెట్టి బ్లేడుతో కోసినంత తిన్నగా ఉంది కోత. కుట్టు దగ్గర సన్నటి అంచు మాత్రం మిగిలింది.

"ఇదేంటి తవిటయ్యా?"

తవిటయ్య వంగి చూశాడు. రేవులోకి వచ్చిన ఓడల మోకులు అందుకుని గట్టు మీది ఇనప గుంజలకు కట్టే గ్యాంగులో పని అతనిది. ఆ మోకులు ఒరుసుకుని ఒరుసుకుని అరిచేతులు చెప్పు అట్టల్లా అయిపోయాయి. లైబ్రరీకి వచ్చినప్పుడల్లా బయట కొళాయి దగ్గర ఆ చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని గానీ లోపలికి రాడు.

"నాను కొయ్యనేదమ్మా. అట్టుకెల్లేసరికే అలగుంది," అన్నాడు.

"మరి అప్పుడే వచ్చి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నా మీదే ఎడతారనీసి."

ఆ మాటకి జయశీలకు ఒళ్ళు మండింది. తప్పు అతనిదని మండలేదు. ఆ మాటలో తనకూ ఎంతో కొంత వాటా ఉన్నట్టు తోచి మండింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు అది. రేవు ఉద్యోగులందరికీ ఒక్కసారిగా అండమాన్ మోజు పట్టుకుంది. సర్కారు ఖర్చు మీద కుటుంబంతో ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. మన రేవులోనే ఎక్కి, సముద్రం మీద పోయి, దీవుల్లో దిగి రావచ్చు. ఓడ ఎప్పుడో గానీ రాదు కనక దాని కోసం కాచుకు కూర్చున్న వాళ్ళు చాలామందే ఉన్నారు. వెళ్ళేముందు ఆ ఊళ్ళ గురించి నాలుగు ముక్కలు చదువుకుని వెళ్ళాలని అందరికీ కోరికే. లైబ్రరీలో దీవుల మీద తెలుగులో ఉన్నవి రెండు సన్నపాటి పుస్తకాలు. అవి చేతులు మారి మారి ఊడిపోతే జయశీల మైదా జిగురులో మైలుతుత్తం కలిపి మళ్ళీ అట్టలు కట్టింది. మూడోది ఈ ఇంగ్లీషు బొమ్మల పుస్తకం. నున్నటి కాగితం, పేజీ నిండా రంగులు. ఇది క్లబ్బు సెక్రటరీ అర్జునరావు గారి ఇంట్లో వేసవి అంతా ఉండిపోయింది. తిరిగి వచ్చిన రోజు జయశీల అట్ట మీద పడ్డ ఎర్రటి ఇనప ఓర్ ధూళి తుడిచి లోపల పెట్టింది. పేజీలు తిప్పలేదు.

ఇంటికివ్వకూడని పుస్తకం అది. అయినా తవిటయ్య అడిగితే ఇచ్చింది. అతని చెల్లెలు పోతమ్మ ఆ దీవుల్లోనే ఉంటుంది. భీమిలి నుంచి అక్కడికి వలస పోయిన చేపల వేటగాడికిచ్చి పెళ్ళి చేశారు. వెళ్ళాక మళ్ళీ రాలేదు. ఈ ఓడకి తవిటయ్య తల్లిని తీసుకుని చెల్లెల్ని చూడ్డానికి వెళుతున్నాడు. తెలుగు పుస్తకాలు రెండూ వరండా బల్ల మీద కూర్చుని, పెదవులు కదుపుతూ చదివేశాడు. సాయంత్రం పూట ఇంటికెళ్ళి తల్లికి చెప్పేవాడట. "మా యమ్మకి మాటలు సాలవమ్మా, పిల్లున్న సోటు కంటితో సూడాలంతాది," అంటే జయశీల కాదనలేకపోయింది.

ఇప్పుడా మంచితనమే మెడకి చుట్టుకునేలా ఉంది. ఇంటికెందుకిచ్చావని ముందు తననే అడుగుతారు. వాళ్ళకి తెలిసే లోపల తానే వెళ్ళి చెప్పేస్తే నయమనుకుంది. పుస్తకం తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది.

అక్కడ అర్జునరావు గారు క్యారమ్స్ ఆడుతున్నారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి సూపరింటెండెంట్ ఆయన. రేవులో ఎవడు సెలవు పెట్టినా ఆ కాగితం ఆయన బల్ల మీద నుంచే పోవాలి. గొంతు పెంచడం ఆయనకు అలవాటు లేదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, స్ట్రైకరు పక్కన పెట్టి, తవిటయ్యని పిలిపించమన్నారు.

"బొమ్మలు గోడకి అంటించుకున్నావేంరా?" అని అడిగారు.

"మా ఇంటికి గోడలెక్కడివి బాబూ. తడికలే."

ఎవరో నవ్వారు. అర్జునరావు గారు నవ్వలేదు. క్లబ్బు ఆస్తి పాడుచేస్తే పైకి రాయక తప్పదనీ, రాస్తే విచారణ జరుగుతుందనీ, విచారణ నడుస్తున్న మనిషికి సెలవు ఇవ్వకూడదనీ, రూల్సు చదివినట్టు చెప్పారు. ఒప్పుకుని ఒక కాగితం రాసిచ్చి, పుస్తకం ఖరీదు కట్టేస్తే ఇక్కడితో పోతుందన్నారు. ఆలోచించుకోమన్నారు. ఓడ ఆదివారం. ఆ రోజు సోమవారం.

తవిటయ్య వెనక్కి తిరిగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి జయశీల వంక చూశాడు. ఆమె కొంగు సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం జయశీల వారపత్రికల కట్ట పట్టుకుని అర్జునరావు గారి క్వార్టరుకి వెళ్ళింది. వారానికోసారి ఆయన భార్య తాయారమ్మ గారికి పత్రికలు ఇంటికి చేర్చడం కూడా ఆమె ఉద్యోగంలో ఒక భాగమైపోయింది. ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. కావాలంటే సెక్రటరీ సంతకం కావాలి.

తాయారమ్మ గారు ముందు గదిలోనే ప్రయాణానికి సామాను సర్దుతోంది. పెద్ద ఇనప పెట్టె మూత తెరిచి ఉంది. అందులో పరుపుచుట్టంత దుప్పటి, పచ్చడి జాడీలు, జంతికల డబ్బా, నీళ్ళు కాచుకోడానికి స్టవ్వు. ఓడలో పెట్టే తిండి నోట పెట్టలేరటగా అంటూ, చేత్తో కుర్చీ చూపించింది. జయశీల కూర్చోలేదు. పత్రికలు పెట్టడానికి రేడియో బల్ల వైపు తిరిగింది.

రేడియో పైన గోడకి ఒక అట్ట వేలాడుతోంది. అట్ట మీద రెండు బొమ్మలు అంటించి, చుట్టూ జరీ అంచు కుట్టారు. ఒకటి సముద్రం అడుగున పగడపు గుబుర్లు, వాటి మధ్య పసుప్పచ్చటి చేపలు. రెండోది ఒడ్డు. ఇసుక మీద బోర్లించిన పడవలు, ఆరేసిన వలలు, వెనక తాటాకుల ఇళ్ళు, ఒక ఇంటి ముందు బిందె చంకనెత్తుకుని నిలబడ్డ ఆడమనిషి.

"మా అమ్మాయి చేసింది. ఎంత ఓపికో చూడు. ఏమేం చూడాలో ముందే ఎంచుకుంది," అంది తాయారమ్మ గారు, చీర మడత పెడుతూ. "మీ లైబ్రరీ పుస్తకంలోవే. అదంతా ఇంగ్లీషు, అక్కడ ఎవడు చదువుతాడు గనక. బొమ్మలైనా పనికొచ్చాయి."

దాచుకోవలసిన విషయమని ఆమెకి తోచనే లేదు. దొంగిలించినట్టు గొంతు తగ్గించలేదు, తప్పు చేసినట్టు చూపు తిప్పుకోలేదు. అర్జునరావు గారు రోజూ ఆ అట్ట కిందే కూర్చుని వార్తలు వింటారని జయశీలకి తెలుసు. నిన్న క్యారమ్స్ బల్ల దగ్గర, పుస్తకం తెరిచి, ఆ కోత చూసినప్పుడు కూడా అది ఎవరి పనో ఆయనకు తెలుసు.

"బాగుందా?" అని అడిగింది తాయారమ్మ గారు.

"బాగుందండి," అంది జయశీల.

ఓడలో చదువుకోడానికి మంచి నవలలు ఏరి ఆదివారం నాడు జెట్టీకే తెచ్చి ఇమ్మని చెప్పింది ఆవిడ. ఏడుపు కథలు వద్దంది. అలాగేనంది జయశీల. మెట్లు దిగుతుంటే తానన్న 'బాగుందండి' పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచులా అయింది. ఆ రెండో బొమ్మే, తాటాకుల ఇళ్ళూ వలలూ ఉన్నదే, తవిటయ్య తల్లి చూద్దామనుకున్న చోటు. మిగిలిన పుస్తకమంతా కొండలూ, అడవులూ, దొరలు కట్టించిన భవనాలూను.

బుధవారం తవిటయ్య డ్యూటీ దిగి వచ్చి వరండా బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు, పుస్తకం అడగలేదు. ఊరికే కూర్చున్నాడు. జయశీల కిటికీలోంచి అతని వీపు చూస్తూ ఒక పాత నవలకి జిగురు రాసింది. రాసిన చోటే మళ్ళీ రాసింది. ఓడల్లోకి ఇనప ఓర్ మోసుకుపోయే బెల్టు ఆ పూట ఎక్కువసేపు నడిచినట్టుంది. బల్లలన్నీ ఎర్రగా అయిపోయాయి. గుడ్డ తీసుకుని తుడవడానికని వరండాలోకి వెళ్ళి, అతను కూర్చున్న బల్ల వదిలేసి మిగతావన్నీ తుడిచి వచ్చింది. లక్ష్మివారం కూడా అతను వచ్చాడు. కాసేపుండి, లేచి, అర్జునరావు గారి ఆఫీసు వైపు నడిచాడు. అటెందుకో ఆమె ఊహించుకోలేదు. ఊహించుకోవడం ఇష్టంలేకపోయింది.

ఆ రాత్రి ఇంటి దగ్గర తల్లి ఆరోగ్యమ్మ మిషను మీద జాకెట్లు కుడుతూ సంగతంతా రాబట్టింది. విన్నాక చాలాసేపు మిషను తొక్కుతూనే ఉంది. పర్మనెంటు అయ్యేదాకా నోరు కట్టేసుకోమని చెబుతుందనుకుంది జయశీల. తల్లి ఆ మాట అనలేదు, వెళ్ళి చెప్పెయ్యమనీ అనలేదు. దారం కొరికి, "ఆడ్ని ఆళ్ళ ముందు నిలబెట్టింది నువ్వే కాదేటే," అని మాత్రం అంది.

*

శుక్రవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. అర్జునరావు గారూ, కోశాధికారి వీరన్నా, ఇంకో ముగ్గురు సభ్యులూ, మధ్యలో మిరపకాయ బజ్జీల పళ్ళెం. జయశీల ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్ళింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

పుస్తకం తవిటయ్య కొయ్యలేదని చెప్పింది.

"ఆ బొమ్మలు మీ ఇంట్లో ఉన్నాయి సార్. రేడియో పైన."

బజ్జీ కొరుకుతున్న వాళ్ళు కొరకడం ఆపారు. వీరన్న గ్లాసులో టీ వంక చూస్తూ ఉండిపోయాడు. అర్జునరావు గారు చేతిరుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

ఉన్నాయనే అన్నారాయన. కలకత్తా నుంచి తన తోడల్లుడు పంపిన కేలండరులోవని అన్నారు. అలాంటి బొమ్మలు దేశంలో ఒక్క మన క్లబ్బు పుస్తకంలోనే ఉంటాయా అని సభ్యుల్ని అడిగారు. ఉండవని ఒకాయన తల ఊపాడు. తరవాత అర్జునరావు గారు జయశీల వైపు తిరిగి, మెల్లిగా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పారు. తవిటయ్య నిన్ననే వచ్చి ఒప్పుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. పాపం పోనీలే అని తాను అక్కడికక్కడే సెలవు కూడా మంజూరు చేసేశారు.

"ఇప్పుడు నువ్వు విచారణ తెరవమంటే తెరుస్తాను. తెరిస్తే ఆ సెలవు కాగితం మళ్ళీ నా బల్ల మీదికి వస్తుంది. ఓడ ఎల్లుండి. తెరవమంటావా?"

తాను గుండె చిక్కబట్టుకుని తెచ్చిన నిజం ఎవరి పీక మీద కాలు పెట్టిందో జయశీలకి అప్పుడర్థమైంది.

ఆయన అంతటితో వదల్లేదు. గట్టు మీద డ్యూటీలో ఉన్న తవిటయ్యని పిలిపించారు. తవిటయ్య గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతులకి గ్రీజు ఉంది. కడుక్కోడానికి వీలు చిక్కలేదు కాబోలు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"పుస్తకం ఎవరు కోశారు?"

తవిటయ్య గదిలో అందర్నీ ఒకసారి చూశాడు. జయశీల మీద చూపు ఆగింది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయం లేదు. దారికి అడ్డంగా పడి ఉన్న రాయిని చూసినట్టు చూశాడు.

"నానే కోసినాను బాబూ."

"ఈవిడ కాదంటోందే."

"ఆవిడకేటి తెలుసు."

అర్జునరావు గారు చేతులు చాపి, విన్నారు కదా అన్నట్టు సభ్యుల వంక చూశారు. తవిటయ్యని పొమ్మన్నారు. ఇంటికివ్వకూడని పుస్తకం ఇచ్చినందుకూ, ఆ తప్పు కప్పిపుచ్చుకోడానికి పెద్దమనుషుల మీద నింద వేసినందుకూ, సోమవారం నాడు బీరువా తాళాలు వీరన్నకి అప్పజెప్పమని జయశీలకి చెప్పారు. చెబుతూనే పళ్ళెం కాస్త ముందుకి జరిపి, చల్లారిపోతున్నాయి తినండయ్యా అన్నారు.

జయశీల బయటికి వచ్చేసరికి తవిటయ్య కొళాయి దగ్గర చేతులకి ఇసుక రాసి రుద్దుకుంటున్నాడు. వెళ్ళి పక్కన నిలబడింది.

"ఎందుకలా చెప్పావు?"

అతను తల ఎత్తలేదు. తాను మంగళవారమే ఆ బొమ్మలు చూసిందనీ, చెప్పాలని ఆనాటి నుంచీ అనుకుంటూనే ఉందనీ జయశీల గబగబా చెప్పుకుపోయింది. మంగళవారం అనగానే అతని చేతులు ఆగాయి.

"మంగళారమే తెలుసా?"

ఆమె తలూపింది.

"బుదారం నాను ఆ బల్ల మీదే ఉన్నాను. లచ్చివారం ఉన్నాను. నువ్వు బల్లలు తుడుసుకుంట తిరిగినావు. ఇయ్యాలొచ్చి సెప్తన్నావా?" గొంతు పెంచలేదు. నీళ్ళ చప్పుడులో కలిసిపోయేటంత నెమ్మదిగా అన్నాడు. "నీకు బరువుగుంది, దించుకున్నావు. దించీది సూసుకుని దించాల కదమ్మా. నా లీవు మీద ఎట్టీసినావు."

"నేను మళ్ళీ వెళ్ళి..."

"ఒగ్గీ. ఇంక నా గురించి ఏటీ సెప్పకు. మా యమ్మ మళ్ళీ ఓడొచ్చీదాకా ఉంతాదో ఉండదో. దొంగంటే పడతాను, ఇంకోటంటే పడతాను. పిల్లని అమ్మకి సూపించాల. నీ నిజం నాకొద్దు."

కొళాయి కట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు. చేతులింకా నల్లగానే ఉన్నాయి.

*

ఆదివారం పొద్దుట జెట్టీ మీద ఇసకేస్తే రాలకుండా ఉంది జనం. ఓడ తెల్లగా, ఎత్తుగా నిలబడి ఉంది. కేబిన్ వాళ్ళకి ఒక నిచ్చెన, అడుగున చవక బంకుల్లో పడుకునే వాళ్ళకి ఇంకో నిచ్చెన. బంకు వాళ్ళ వరస గోదాముల దాకా పాకింది: మూటలు, బియ్యం బస్తాలు, గంపలు, ఏడుస్తున్న పిల్లలు. ఆ వరసలో మధ్యగా ఉతికిన తెల్లచొక్కా వేసుకుని తవిటయ్య ఉన్నాడు. అతని మోచెయ్యి పట్టుకుని తల్లి జోగమ్మ నిలబడి ఉంది. పొట్టి మనిషి. ఓడని మొదలు నుంచి చివరిదాకా చూడ్డానికి తల బాగా వెనక్కి వాల్చాల్సి వస్తోంది.

జయశీల నవలల కట్ట చంకలో పెట్టుకుని కేబిన్ నిచ్చెన వైపు వెళ్ళింది. రాకూడదనే అనుకుంది. కానీ శనివారమంతా లైబ్రరీలో ఒక్కతీ కూర్చుని, తలుపేసి వెళ్ళిపోదామనుకుంటూనే, చేతులు మామూలుగా పోయి ఏడుపు కథలు కాని నవలలు ఏరేశాయి. చేతుల్ని చూస్తేనే ఆమెకు రోత పుట్టింది.

తాయారమ్మ గారు నవలలు అందుకోకుండానే, కూలీలు దొరకడం లేదని మొత్తుకుంది. కూతురు అప్పటికే పైకెక్కేసింది, ఇనప పెట్టె మాత్రం ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది. ఉన్న కూలీలందరూ బస్తాల వాళ్ళ వెంట పోయారు. అర్జునరావు గారు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ చూసి, వరసలో తవిటయ్యని గుర్తుపట్టారు. మొహం విప్పారింది.

"ఒరేయ్ తవిటయ్యా. ఇలా రా. ఈ పెట్టె పైకి చేర్చు."

చుట్టూ జనం అటు తిరిగారు. గట్టు మీద మోకుల దగ్గర ఓడ విప్పడానికి సిద్ధంగా ఉన్న తవిటయ్య గ్యాంగు వాళ్ళు కూడా చూశారు. తవిటయ్య తల్లి చెయ్యి మెల్లిగా విడిపించి, ముందున్న మనిషికి చోటు చూడమని చెప్పి, వరసలోంచి బయటికి వచ్చాడు. తొందరపడకుండా నడిచాడు. పెట్టె ముందు ఆగి, బరువు మోసేవాళ్ళు ఎత్తబోయే ముందు చూసుకున్నట్టు దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి చూశాడు. జయశీల నవలల కట్ట ఇంకో చంకకి మార్చుకుంది. వంగుతాడు. వంగకేం చేస్తాడు. వారమంతా అన్నిటికీ వంగాడు.

తవిటయ్య నడుము వంచలేదు.

"నాను లీవులో ఉన్నాను బాబూ," అన్నాడు. "తమరే సంతకమెట్టారు."

అన్నాక ఒక్క క్షణం కూడా నిలబడలేదు. వెనక్కి తిరిగి, వచ్చినంత నింపాదిగానే వెళ్ళి, తల్లి చెయ్యి మళ్ళీ తన మోచేతికి తగిలించుకున్నాడు. గ్యాంగులో ఒకడు దగ్గాడు. మిగతా వాళ్ళు ఉన్నట్టుండి మోకుల మీద పడి, లేని ముడులు సర్దసాగారు.

అర్జునరావు గారి మొహం కందగడ్డలా అయింది. అయినా గొంతు మామూలుగానే ఉంది. పొగరు చూశావా అని భార్యతో అన్నారు. ఎవరైనా కనబడతారేమోనని చూపు తిప్పి, జయశీల దగ్గర ఆపారు.

"జయశీలా, నువ్వు ఆ వేపు పట్టు. నిచ్చెన దాకా చాలు."

ఆమె కుడిచెయ్యి అప్పుడే సగం కిందికి పోయింది. దాన్ని చూసి తనే ఆపింది. నవలల కట్ట పెట్టె మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తాళాలు రేపు ఇవ్వను సార్," అంది.

ఆయనకి అర్థం కాలేదు. పెట్టె సంగతి మాట్లాడుతుంటే తాళాలేమిటన్నట్టు చూశారు.

"మీరు తిరిగొచ్చేసరికి జనరల్ బాడీ పిలిపిస్తాను. చందా కట్టిన వాళ్ళంతా రావచ్చు కదా, ఖలాసీలు కూడా. పుస్తకం సంగతి అక్కడ చెప్తాను. అప్పటికి ఆపడానికి ఎవరి సెలవూ మీ చేతిలో ఉండదు."

"నీ ఉద్యోగం ఉంటుందిగా నా చేతిలో."

"ఉంటుంది సార్," అంది జయశీల. "అదొక్కటే ఉంటుంది."

తాయారమ్మ గారు ఒకళ్ళ తరవాత ఒకళ్ళని చూస్తూ, ఏ పుస్తకం, ఏం సంగతి అని అడుగుతోంది. ఆయన ఊరుకోమన్నారు. ఆవిడ ఊరుకోలేదు. ఓడ కూత పెట్టింది.

జయశీల గేటు వైపు నడిచింది. దారి బంకు వాళ్ళ వరసని ఆనుకునే పోతుంది. తవిటయ్య ఆమెను చూశాడు. అతని మొహంలో శుక్రవారం నాటి బిగువు ఏమీ సడలలేదు. జోగమ్మ మాత్రం కొడుకు చొక్కా లాగి, ఎవరని అడిగింది.

"పుస్తకాలిచ్చీ అమ్మ."

"నువ్వు ఓడెక్కవేటమ్మా?" అంది జోగమ్మ.

"లేదమ్మా. నాకిక్కడ పనుంది."

ముసలామె ఇంకేదో అడగబోయింది. వరస ముందుకి కదిలింది. తవిటయ్య వంగి, దారికి అడ్డంగా ఉన్న తమ మూటని పక్కకి లాక్కుని, జయశీలకి వెళ్ళడానికి చోటిచ్చాడు. ఆమె మొహం వైపు చూడలేదు. ఆమె కూడా ఆగలేదు.

వెనక ఇనప పెట్టెని సిమెంటు మీద ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. కాస్త ఈడ్చి ఆగడం, మళ్ళీ ఈడ్వడం. మధ్యలో తాయారమ్మ గారి గొంతు. గేటు దాటేదాకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఈడుస్తున్నది రెండు చేతులో నాలుగో చూడాలని కూడా జయశీలకి అనిపించలేదు.